వ్యాన్‌లో ర్యాకులు కొట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు సొంతంగా ప్లంబింగ్ పని మొదలుపెడుతున్నావనీ, వ్యాన్ తీసుకున్నావనీ, లోపల ర్యాకులు నువ్వే కొట్టుకుంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు గీసిన బొమ్మ కూడా పంపింది. ఇన్నాళ్లూ ఇంకొకరి పనిముట్ల సంచీ మోసిన కుర్రాడు సొంత బండి ఎక్కుతున్నాడంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. రెండు పక్కలా పైకప్పు దాకా అరలు, సీట్ల వెనకాల మాత్రం అడ్డం ఏమీ లేదు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని ఇలా రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నేలకు 12 మి.మీ. ప్లైవుడ్, పక్కలకు 6 మి.మీ. చాలు, తడికి చెడనిది తీసుకో. లైట్లకు వేసే వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టు. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన, బయట నిలబడి అందుకునేలా ఉండాలి. చెక్క కోసే ముందు అట్టపెట్టెలు పేర్చుకుని కొన్నాళ్లు పని చేసి చూడు. రోజూ పదిసార్లు తీసే వస్తువేదో, ఎప్పుడో గానీ ముట్టనిదేదో అప్పుడే తెలుస్తుంది. మొదటివి పక్క తలుపు దగ్గర, రెండోవి లోపలికి.

బరువు దగ్గర మాత్రం అందాజా పనికిరాదు. బండి సామానుతో కలిపి ఎంత బరువుండొచ్చో, ఒక్కో యాక్సిల్ మీద, అంటే ముందు చక్రాల జత మీదా వెనక జత మీదా, ఎంత పడొచ్చో బండికి కొట్టిన ప్లేటు మీద ఉంటుంది. మొత్తంలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే నీ వాటా. ఆ వాటాలో ప్లైవుడ్డూ, ర్యాకులూ, నువ్వూ, నీ హెల్పరూ కూడా ఉన్నారు. చాలామంది పనిముట్లు ఒక్కటే లెక్కేసుకుని, ర్యాకులే సగం వాటా తినేశాయని ఆలస్యంగా తెలుసుకుంటారు. అంతా ఎక్కించాక కాటా మీదికి తీసుకెళ్లి మొత్తం ఒకసారి, యాక్సిళ్లు విడివిడిగా ఒకసారి తూయించు. పైపు బిగించి పట్టే వైసు, పైపుకి మరలు కోసే థ్రెడింగ్ మిషన్, ఇనుప ఫిట్టింగుల డబ్బాలు నేల మీదే ఉండాలి, వెనక చక్రాలకు కాస్త ముందుగా. వెనక తలుపు దగ్గర బరువంతా పేరిస్తే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ మాట వినదు. పై అరల్లో పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. పై అరలకు ప్లాస్టిక్ ఫిట్టింగులు, టేపులు, వాషర్లు చాలు.

ఇక అసలు సంగతి. నేను పని నేర్చుకున్న మేస్త్రి పనితనం గురించి నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో. ఆయన వ్యాన్‌లో అరలు చూడ్డానికే తోటి పనివాళ్లు వచ్చేవాళ్లు. ప్రతి సైజు ఫిట్టింగుకీ కొలిచి చేసిన గడి, చీకట్లో చెయ్యి పెట్టినా సరైనదే చేతికొచ్చేది. అంత చేసినవాడు ఆ ర్యాకునంతా వ్యాన్ పక్క రేకుకి సెల్ఫ్ స్క్రూలతో బిగించాడు. ఆ రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందం. స్క్రూ మర అందులో మహా అయితే ఒక చుట్టు పట్టుకుంటుంది, అంతే. బిగించిన రోజు ఎంత ఊపినా కదల్లేదు, కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. తర్వాత రోజూ రోడ్డు అదురుకి స్క్రూ రంధ్రాలు సాగుతూ వచ్చాయి. రంగు పూయని అంచుల్లో తుప్పు పట్టింది. ఇదంతా ర్యాకు వెనకాల జరిగింది కాబట్టి ఎవరి కంటా పడలేదు. చప్పుడు మాత్రం వినబడేది. ఫిట్టింగుల గలగల అనుకుని మేస్త్రి గడుల్లో గుడ్డలు కుక్కేవాడు.

ఒకరోజు ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. ఆయన బ్రేకు తొక్కాడు, మేము దేన్నీ గుద్దలేదు కూడా. వెనకాల ర్యాకు ఊడి ముందుకు ఒరిగింది, పై అరలో ఉన్న పెద్ద పైపు రెంచి వచ్చి ఆయన భుజం మీద పడింది. పక్క సీట్లో ఉన్న నాకు ఏమీ కాలేదు. ఆయన కుడి చెయ్యి ఆ తర్వాత తల దాటి పైకి లేవలేదు. పైకప్పు కింద పైపు వేయాల్సి వస్తే నన్ను నిచ్చెన ఎక్కించి, కింద నిలబడి ఒక్కో మాటా చెప్పేవాడు. అలాంటి పనివాడు రా. తర్వాత రేకు చూస్తే ప్రతి రంధ్రం కోలగా సాగి ఉంది, చుట్టూ తుప్పు.

నీ బొమ్మలో సీట్ల వెనక ఆ ఖాళీ చూడగానే నాకు ఆయన భుజమే గుర్తొచ్చింది. అందుకే ముందు పార్టిషన్, అంటే సీట్లకీ సామానుకీ మధ్య అడ్డుగోడ, బిగించు, మిగతావన్నీ తర్వాత. డబ్బు చాలకపోతే సొరుగులు వచ్చే ఏడు చేసుకోవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగితే, 10 కిలోల పెట్టెను కదలకుండా పట్టి ఉంచడానికి 140 కిలోలు మోసేంత బలం కావాలి. నువ్వు పట్టుకున్న స్టీరింగ్ ఆ పెట్టెకు అడ్డం రాదు.

ర్యాకు కాళ్లు నేలకు బోల్టు చెయ్యి, కింద పెద్ద వాషరో ఇనుప పట్టీయో వేసి అదురుకి వదులవకుండా లోపల నైలాన్ రింగున్న లాక్ నట్టు బిగించు. పక్కలకైతే కంపెనీ ఇచ్చిన రంధ్రాలు వాడు, లేదా రేకు వెనక పట్టీ ఉన్నచోట రివెట్ నట్లు, అంటే రంధ్రంలో నొక్కి బిగిస్తే రేకుని పట్టుకునే మర ఉన్న గొట్టాలు, వెయ్యి. డ్రిల్లు పెట్టే ముందు బండి కింద దూరి చూడాలి, చూడకుండా పెట్టావో ఊరుకోను. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్ల కట్టలు అక్కడే ఉంటాయి. బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకో. రంధ్రం చేయగానే అంచుకి ప్రైమర్ రాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టూ మళ్లీ బిగించు, ఆ తర్వాత కూడా కొత్త చప్పుడు వినబడితే గుడ్డ కుక్కకుండా స్పానర్ తియ్యి. ప్రతి అరకూ ముందు అంచు లేపు, సొరుగులు తాళం పడేవే తీసుకో.

గ్యాస్ సిలిండరు ఎక్కడ పెడతావో బొమ్మలో లేదు. నిలువుగా, రెండు చోట్ల గొలుసు వేసి, రెగ్యులేటర్ తీసేసి పెట్టాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి గాలి పోయే దారి నేల మట్టంలో ఉండాలి. రాత్రి బండిలో ఉంచకు.

కోప్పడ్డానని అనుకోకు నాన్నా. బొమ్మ చక్కగా గీశావు, పక్క తలుపు దగ్గర ఆ చిన్న సొరుగు ఆలోచన నాకు తట్టేది కాదు. పార్టిషన్ తెచ్చిన రోజు కబురు పెట్టు. ఆ బోల్టులకు లోపల ఒకరు, బండి కింద ఒకరు ఉండాలి. కింద నేను పడుకుంటాను.

మీ మామయ్య