హమ్ ఒక జబ్బు, పగిలే ధ్వని మరో జబ్బు

ప్రశ్న: మా కల్యాణ మండపంలో మిక్సర్ వేదిక పక్కన, ఆంప్లిఫయర్ హాలు చివర ఉన్నాయి. మధ్యలో సుమారు 30 మీటర్ల వైరును మామూలు మోనో జాక్‌లతో వేశాము. అలంకరణ లైట్లు వేయగానే స్పీకర్లలో గుయ్‌మని మోత వస్తోంది. నాదస్వరం జోరందుకుంటే ధ్వని పగిలిపోతోంది. బ్యాలెన్స్‌డ్ వైరు వేస్తే రెండూ పోతాయని మైక్‌సెట్ వారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మొదటిది చాలావరకు పోతుంది. రెండోది పోదు సరికదా, పెరిగినా ఆశ్చర్యం లేదు.

మోనో జాక్ వైరులో లోపల ఒకే తీగ, దాని చుట్టూ అల్లిన షీల్డు ఉంటాయి. ఆ షీల్డే సంకేతానికి తిరుగుదారి కూడా. మిక్సర్‌కు ఒక చోట, ఆంప్లిఫయర్‌కు మరో చోట కరెంటు ఇచ్చినప్పుడు, ఆ రెండు ఎర్తుల మధ్య ఉండే స్వల్ప వోల్టేజీ తేడా వల్ల షీల్డు గుండా కరెంటు పారి సంకేతంలో కలిసిపోతుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కనుక 50, 100 హెర్ట్జ్‌ల హమ్ వినిపిస్తుంది. లైట్లకు డిమ్మర్ ఉంటే దానికి జిర్రుమనే గరుకు మోత కూడా తోడవుతుంది.

బ్యాలెన్స్‌డ్ వైరులో షీల్డు లోపల రెండు తీగలు పేనుకొని ఉంటాయి. అందుకునే సర్క్యూట్ ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, దారిలో రెంటికీ సమానంగా అంటుకున్న మోత ఆ తీసివేతలో పోతుంది. ఇందుకు రెండు తీగల ఇంపిడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే అడ్డు) సమానంగా ఉండడమే కీలకం. రెంటిలో సంకేతం తలకిందులుగా ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. అయితే వైరు ఒక్కటే మారిస్తే చాలదు, రెండు చివరలా బ్యాలెన్స్‌డ్ సాకెట్లు ఉండాలి. లేనిచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (ఒంటి తీగ సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) వాడవచ్చు. హమ్ తగ్గుతుందని కొందరు ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తారు. మైకు పట్టుకున్నవారి ప్రాణానికే అది ముప్పు.

ఇక పగిలే ధ్వనికి కారణం సంకేతం స్థాయి. వృత్తిపరమైన పరికరాల ప్రామాణిక స్థాయి 1.23 వోల్టులు, గృహోపకరణాలది 0.316 వోల్టులు. మొదటిదాన్ని రెండోదానికి నేరుగా ఇస్తే నాలుగు రెట్ల సంకేతం చేరి తరంగాల శిఖరాలు తెగిపోతాయి. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్లలో చాలావాటికి రెండు తీగల మధ్య వోల్టేజీ ఒక్క తీగ మీద ఉన్నదానికి రెట్టింపు, పెరగవచ్చునన్నది అందుకే. నాదస్వరం మైకు ఛానల్‌లో ఎర్ర పీక్ లైటు (సంకేతం హద్దు మీరుతోందని చెప్పేది) వెలుగుతుంటే ఆ ఛానల్ గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే నాబ్) తగ్గించండి. అది వెలగకుండానే ధ్వని పగులుతుంటే మిక్సర్ మాస్టర్‌ను తగ్గించి చూడండి. ఆంప్లిఫయర్ వాల్యూమ్ తిప్పి లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆ నాబ్ తరచుగా ఇన్‌పుట్ దశ తర్వాతే ఉంటుంది.

ప్రశ్న: లాప్‌టాప్ నుంచి స్టీరియో జాక్ వైరుతో మిక్సర్‌కు పాట ఇస్తే వాద్యాలు వినిపిస్తున్నాయి కానీ గాయని గొంతు మాయమవుతోంది. లాప్‌టాప్ చెడిందా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: లాప్‌టాప్ బాగానే ఉందండీ. స్టీరియో జాక్, బ్యాలెన్స్‌డ్ జాక్ చూడడానికి ఒకటే కావడంతో, మిక్సర్ మీ కుడి ఛానల్‌ను ఎడమ ఛానల్‌లోంచి తీసివేస్తోంది. పాటలో గొంతును సాధారణంగా రెండువైపులా సమానంగా ఉంచుతారు కనుక ముందుగా పోయేది అదే. ఒక చివర స్టీరియో జాక్, రెండో చివర రెండు మోనో జాక్‌లు ఉన్న వైరు తీసుకొని, వాటిని మిక్సర్‌లో స్టీరియో ఛానల్ ఎడమ, కుడి సాకెట్లకు ఇవ్వండి.