పికిలిపిట్ట పిల్లల్ని కాకులు ఎత్తుకుపోతున్నాయి.. కొట్టేయొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్ సైనిక్‌పురిలో ఇండిపెండెంట్ ఇల్లు. పెరట్లో మామిడి, జామ, మల్లెపందిరి ఉన్నాయి. పందిరిలో ఏటా పికిలిపిట్టలు గూడు కడతాయి. రెండేళ్లుగా కాకులు, ఒక జెముడుకాకి కలిసి గుడ్లను, పిల్లల్ని బతకనివ్వడం లేదు. జామకాయలేమో చిలకల పాలవుతున్నాయి. మా మరిది ‘కాకిని చట్టమే హానికర జీవి అంది, ఎయిర్‌గన్‌తో కొట్టినా అడిగేవాడు లేడు’ అంటున్నాడు. పక్కింటావిడ రోజూ పిట్టగోడ మీద కాకులకు అన్నం పెడుతుంది, ఒక్క కాకి చచ్చినా కేసు పెడతానంటోంది. కనీసం మా మామిడిచెట్టు మీది కాకి గూడైనా తీయించొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ మరిది చెప్పింది అబద్ధం కాదమ్మా, పాతబడిపోయింది అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు అని హానికర జీవుల జాబితా ఒకటి ఉండేది. మామూలు కాకి, ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలు అందులో ఉండేవి. వాటిని చంపడానికి అప్పట్లో ఎవరి అనుమతీ అక్కర్లేకపోయేది. 2022లో చట్టాన్ని సవరించి ఆ షెడ్యూలునే ఎత్తేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. ఇప్పుడు ఒక జీవిని హానికరమని ప్రకటించాలంటే కేంద్ర ప్రభుత్వం 62వ సెక్షన్ కింద ఫలానా ప్రాంతానికి, ఫలానా కాలానికి అని నోటిఫికేషన్ ఇవ్వాలి. మన ఇంట్లో కూర్చుని మనం ప్రకటించుకుంటే చెల్లదు. మీ జామచెట్టు మీది చిలకలు రెండో షెడ్యూలులో, అంటే చట్టం రక్షణ ఇచ్చే జీవుల జాబితాలో ఉన్నాయి. కాకినీ, జెముడుకాకినీ కూడా ఆ వరసలోనివే అనుకుని నడుచుకోండి.

వేట అంటే మనకు తుపాకీ, అడవి గుర్తొస్తాయి. చట్టంలో ఆ మాటకు అర్థం చాలా పెద్దది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పక్షుల విషయంలో గుడ్లు పగలగొట్టడం, గుడ్లనో గూటినో కదిలించడం కూడా వేటే. కాబట్టి మామిడిచెట్టు మీది గూడు జోలికి వెళ్లకండి. పైగా మన దగ్గర కాకులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా గూళ్లు పెడతాయి. కోయిల గుడ్లు పెట్టేదీ ఆ గూళ్లలోనే. పనివాడు కర్రతో ఒక్క గూడు లాగేస్తే కాకి గుడ్లతో పాటు కోయిల గుడ్లూ పోవచ్చు. పిల్లలు ఎగిరిపోయాక మిగిలిన ఎండుపుల్లల గూడు తీస్తే కేసు పెట్టేవాళ్లు అరుదే. కానీ చట్టంలో ‘గూడు’ అనే ఉంది, అందుకే దానికీ తొందరపడొద్దంటాను.

మీకు రుచించని మాట ఇంకోటి ఉంది. ఇదే నిబంధన మీ పికిలిపిట్ట గూటికీ వర్తిస్తుంది. పాపం అని దాన్ని తీసుకెళ్లి వరండాలో పెట్టినా గూడు కదిపినట్టే. కాకి కంటే పికిలిపిట్ట మంచిదని చట్టం అనుకోదు. నాకు మాత్రం పికిలిపిట్ట మీదే మమకారం, మా నల్లకుంట ఇంట్లో కరివేపాకు చెట్టు మీద ఒక జంట ఉండేది. ఓ పొద్దున కాకి వచ్చి రెండు పిల్లల్ని నా కళ్ల ముందే తన్నుకుపోయింది. చేతిలో కాఫీ గ్లాసుంది, విసిరేద్దామనిపించింది. ఆ కాకికీ గూట్లో పిల్లలున్నాయని తర్వాత తట్టింది.

ఇక శిక్షల సంగతి. రెండో షెడ్యూలు పక్షిని వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సవరణకు ముందు ఆ జరిమానా 25 వేలే. నెమలి లాంటి మొదటి షెడ్యూలు పక్షి అయితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా కూడా పడొచ్చు. కేబీఆర్ పార్కు చుట్టుపక్కల ఇళ్ల తోటల్లోకి నెమళ్లు వస్తుంటాయి, అక్కడివాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీ పక్కింటావిడ బెదిరింపు ఉత్త మాట కాదు. పోలీసులకో అటవీ శాఖకో చెప్పొచ్చు. వాళ్లు కదలకపోతే 60 రోజుల నోటీసు ఇచ్చి తానే కోర్టుకు వెళ్లొచ్చు. చేతిలో ఫోన్ వీడియో ఉంటే ఇంకేం కావాలి?

ఎయిర్‌గన్ గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, గుండు శక్తి 20 జౌళ్లు దాటకపోతే లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. అంతమాత్రాన దాంతో పిట్టను కొట్టడానికి లైసెన్సు ఇచ్చినట్టు కాదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకున్న కాలనీలో గుండు గురితప్పి ఎదురింటి బాల్కనీలోకి పోతే, నిర్లక్ష్యంగా ఇతరుల ప్రాణాన్ని ప్రమాదంలో పడేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125 సెక్షన్ కూడా వచ్చిపడుతుంది.

విషం మాట మీరు ఎత్తలేదు. అయినా చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ పెద్దాయన నా ఆఫీసుకు వచ్చారు. కాకుల కోసమని అన్నంలో ఎలుకల మందు కలిపి స్టీలు పళ్లెంలో డాబా మీద పెట్టారట. కాకి ఒక్కటీ ముట్టలేదు. ఎదురింటివాళ్ల పెంపుడు పిల్లి తిని చచ్చిపోయింది. చివరికి ఎలాగో రాజీ కుదిరింది కానీ, ఆయన ఆర్నెల్లు ఆ వీధిలో తలెత్తుకుని నడవలేకపోయారు. ఇప్పుడైతే అలాంటి పనికి న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది.

మరి చేయగలిగిందేమిటి? చప్పుడు చేయండి, పాత సీడీలు వేలాడదీయండి. కాకి తెలివైనది, నాలుగు రోజుల్లో వాటికి అలవాటుపడుతుంది, చోటు మారుస్తూ ఉండాలి. జామకాయలకు ఒక్కోదానికి పాత చీర ముక్కతో సంచి కట్టండి. వల వేస్తే సన్న కన్నులది, బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడే నైలాన్ వలలో చిలక కాలు చిక్కుకుని రాత్రంతా గిలగిలలాడితే ‘ఉచ్చు వేశారు’ అన్న మాట పడేది మీరే. పందిరి చుట్టూ, పికిలిపిట్ట దూరేంత, కాకి దూరలేనంత కన్నులున్న ఇనుప జాలీని గూడు కట్టకముందే బిగించండి, కట్టాక కాదు. గుడ్లు పెట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరేదాకా దాదాపు నెల రోజుల పనే.

పంటకు, ఆస్తికి ప్రమాదమైతే రెండో షెడ్యూలు జీవిని వేటాడేందుకు 11వ సెక్షన్ కింద అనుమతి అడగొచ్చు. సైఫాబాద్‌లోని అటవీ శాఖ కార్యాలయం అరణ్య భవన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే నాలుగు జామకాయల కోసం, పికిలిపిట్టల కోసం ఆ అనుమతి వస్తుందని నేను ఆశపెట్టను.

మిగిలింది పక్కింటి అన్నం. మీ పందిరికి పది అడుగుల దూరంలో రోజూ కాకుల్ని పిలిచి భోజనం పెడుతుంటే అవి ఇంకెక్కడికి పోతాయి? దీనికి కోర్టు దాకా పోకండి, ఏళ్లు పడుతుంది. ఆవిడకు పితృదేవతల మీద నమ్మకం ఉంటే అది ఆవిడ ఇష్టం, మానమని అడగొద్దు. ఈ నెల రోజులు మాత్రం పళ్లెం ఇంటికి అటువైపు పెట్టమని, ఆవిడ కాఫీ తాగే వేళ చూసి వెళ్లి అడగండి. మీ మరిదిని మాత్రం వెంట తీసుకెళ్లకండి.