పింఛను కమ్యుటేషన్, బకాయిలు, పల్లెలో గోదాము: పన్ను ఎక్కడ పడుతుంది?

సందేహం: ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి 62 ఏళ్లు నిండి 2025లో పదవీ విరమణ చేశాను. పింఛనులో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నాను. అదే సంవత్సరంలో పాత పీఆర్సీ (వేతన సవరణ), డీఏ (కరవు భత్యం) బకాయిలు కూడా చేతికొచ్చాయి. వీటన్నిటికీ పన్ను కట్టాలా? వచ్చిన సొమ్ముతో, బ్యాంకు రుణం కూడా తీసుకుని, మా ఊళ్లో రైతుల ధాన్యం నిల్వకు గోదాము కట్టాలనుకుంటున్నాను. ప్రభుత్వమిచ్చే రాయితీ కూడా ఆదాయం కిందకే వస్తుందా?

సమాధానం: మీరు 2025-26 ఆర్థిక సంవత్సరంలో పొందిన ఆదాయానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి పొందే ఆదాయానికి 2025 చట్టం వర్తిస్తుంది కాబట్టి, గోదాము ఆదాయం దాని పరిధిలోకి వస్తుంది.

కమ్యుటేషన్ మొత్తం గురించి మీరు ఆందోళన పడనవసరం లేదు. ప్రభుత్వోద్యోగి కమ్యూట్ చేసుకున్న పింఛనుకు సెక్షన్ 10(10ఎ) కింద పూర్తి మినహాయింపు ఉంది, కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నా అది పోదు. ప్రైవేటు ఉద్యోగులకైతే, గ్రాట్యుటీ పొందినవారికి పింఛను మొత్తాన్నీ కమ్యూట్ చేస్తే వచ్చే విలువలో మూడో వంతుకు, పొందనివారికి సగానికి మాత్రమే ఈ వెసులుబాటు ఉంటుంది. నెలనెలా అందే పింఛను మాత్రం జీతం పద్దు కిందే పన్నుకు లోబడుతుంది. అయితే కమ్యుటేషన్ పోగా నిజంగా మీకు చెల్లించే తగ్గిన పింఛనునే ఆదాయంగా చూపాలి. మొదట మంజూరైన పూర్తి అంకెను రిటర్నులో వేసి అనవసరంగా పన్ను కట్టిన వారిని నేను చూశాను.

అసలు జాగ్రత్త బకాయిల విషయంలో అవసరం. కొత్త విధానంలో 2025-26కు రూ.75,000 ప్రామాణిక తగ్గింపు తీసేశాక పన్ను విధించదగిన ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు (లెక్కకొచ్చిన పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను ఉండదు. కానీ ఎన్నో ఏళ్ల బకాయి ఒకే ఏడు చేతికొస్తే ఆ గీత సులువుగా దాటిపోతుంది. ఇందుకోసమే సెక్షన్ 89 కింద ఉపశమనం ఉంది. బకాయి వల్ల ఈ ఏడు అదనంగా పడే పన్నును, ఆ సొమ్ము ఏయే సంవత్సరాలకు చెందిందో ఆయా సంవత్సరాల్లో కలిపితే అప్పుడు పడి ఉండే అదనపు పన్నుతో పోల్చి, తేడా ఉంటే దాన్ని తగ్గిస్తారు. ఈ లెక్క ప్రతిసారీ లాభం చూపుతుందని అనుకోవద్దు. 2023-24, 2024-25 సంవత్సరాల్లో కొత్త విధానంలో రిబేటు పరిమితి రూ.7 లక్షలే కాబట్టి, బకాయిని వెనక్కి పంచితే అప్పటి పన్నే ఎక్కువ తేలి ఉపశమనం సున్నా కావచ్చు. తేడా తేలితే మాత్రం ఫారం 10ఈని ఆన్‌లైన్‌లో సమర్పించిన తర్వాతే రిటర్ను వేయండి, లేకుంటే ఆ ఉపశమనాన్ని తోసిపుచ్చుతారు. సంవత్సరాలవారీ బకాయి పట్టికను మీ డ్రాయింగ్ అధికారి (జీతం బిల్లులు పెట్టే అధికారి) నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. జాప్యం ప్రభుత్వానిదైనప్పుడు, ఈ పట్టికను బకాయితో పాటే ఇవ్వవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని నా దృఢాభిప్రాయం.

ఇక గోదాము. కేంద్రం 2020లో ప్రారంభించిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి పథకం కింద, అర్హమైన నిల్వ సదుపాయాలకు తీసుకున్న రుణంపై రూ.2 కోట్ల పరిమితి వరకు ఏటా 3 శాతం వడ్డీ రాయితీ గరిష్ఠంగా ఏడేళ్లు లభిస్తుంది. ఆ మేరకు మీపై వడ్డీ భారం తగ్గుతుంది కాబట్టి, రాయితీ పోగా మీరు భరించిన వడ్డీనే వ్యాపార ఖర్చుగా చూపాలి. ఏదైనా పథకం కింద కట్టడానికే నేరుగా మూలధన సబ్సిడీ వస్తే, దాన్ని గోదాము వ్యయంలోంచి తగ్గించి మిగిలిన మొత్తంపైనే తరుగుదల (ఆస్తి విలువ ఏటా తగ్గినందుకు చూపే ఖర్చు) లెక్కించాలి. అలా ఆస్తి వ్యయంలో సర్దుబాటు కాని సబ్సిడీలు సాధారణంగా ఆదాయమే అవుతాయి. ఇతర రైతుల ధాన్యం నిల్వకు వసూలు చేసే రుసుము, ఊళ్లో ఉన్నంత మాత్రాన, వ్యవసాయ ఆదాయం కాదు.

మీరు అడగకపోయినా తప్పక చెప్పవలసిన మాట మరొకటి ఉంది. కేవలం పింఛను, వడ్డీ ఆదాయం ఉన్నంతకాలం పాత, కొత్త విధానాల్లో ఏదో ఒకటి ఏటా ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం మొదలయ్యాక పాత విధానంలోకి వెళ్లి మళ్లీ కొత్తదానికి తిరిగొస్తే, ఆ వ్యాపారం సాగినంతకాలం మరోసారి మారే అవకాశం ఉండదు. గిడ్డంగి నిర్మాణ వ్యయానికి ఉన్న ప్రత్యేక తగ్గింపు కొత్త విధానంలో దొరకదు. కాబట్టి పునాది వేయకముందే రెండు లెక్కలూ వేయించుకోండి. అంతేకాక, వ్యాపారం లేని వయోవృద్ధులకున్న ముందస్తు పన్ను మినహాయింపు మీకు వర్తించకుండా పోతుంది. టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా కోసే పన్ను) పోగా చెల్లించవలసిన పన్ను రూ.10,000 లేదా అంతకు మించితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలోగా వాయిదాలు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది.