వైరల్ జ్వరం తగ్గి ఏడు నెలలైంది, ఇంకా నీరసం పోవట్లేదు. రోజూ వ్యాయామం చేస్తే తగ్గుతుందా?

మీ ప్రశ్నలో అసలు సంగతి చివరి లైన్లో ఉంది, మీరు గమనించినట్టు లేరు. "ఆదివారం ఒంట్లో బాగుంటోంది, మంగళవారానికి మళ్ళీ మంచాన పడుతున్నా" అని రాశారు చూడండి, ఆ ఒక్క ముక్క చాలు నాకు. రిపోర్టులన్నీ నార్మల్ అని మీరు రాసిన పెద్ద పేరా చదవకుండానే చెప్పగలను. నా ఫైలు కూడా రెండంగుళాల మందం అయింది, అందులో ఒక్క అంకె కింద కూడా ఎర్ర గీత లేదు.

సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెప్తా: వద్దు. ఇప్పుడే వద్దు. మీ ఫ్రెండెవరో చెప్పిన "రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ పో, అదే అలవాటవుద్ది" పద్ధతిలో అయితే అస్సలు వద్దు. నేను డాక్టర్ని కాదు, ఆఫీసులో లెక్కలు చూసుకునేదాన్ని. కానీ ఇందులో మాత్రం నాకు మీకంటే మూడు నాలుగేళ్ళ సీనియారిటీ ఉంది.

నాకు కోవిడ్ 2022 జనవరిలో వచ్చింది. మూడు రోజులు జ్వరం, ఓ వారం దగ్గు, అంతే. ఆక్సిజన్ పడిపోలేదు, హాస్పిటల్ గడప తొక్కలేదు. లైట్‌గా వచ్చి పోయింది అదృష్టవంతురాలివి అన్నారు అందరూ, నేనూ అదే అనుకున్నా. ఫిబ్రవరిలో ఆఫీసుకి వెళ్ళాక మొదలైంది. ఒకే బిల్లు మూడుసార్లు చదివేదాన్ని, ఇది మూడోసారా నాలుగోసారా అని మళ్ళీ డౌటు. ఇరవై ఏళ్ళుగా నోటితో కూడికలు చేసే మనిషిని, కాలిక్యులేటర్లో కొట్టిన అంకె కాగితం మీద రాసేలోపు మర్చిపోయేదాన్ని. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. అయినా మొండిగా తిరిగాను, ఎందుకంటే మధ్యమధ్యలో బాగుండే రోజులు వచ్చేవి.

ఆ బాగుండే రోజుల గురించే నేను చెప్పాలనుకున్నది. ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున్నే లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండటం మూడు నెలల్లో అదే మొదటిసారి. ఎదురుగా బీరువా, తలుపు తీస్తే బట్టలు మీద పడేలా ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు తప్పు చేసినదానిలా ఉండేది. ఇంకేముంది, మొత్తం కిందకి లాగేశా. మంచం నిండా బట్టలు. పనికొచ్చేవి ఒక పక్క, ఇచ్చేసేవి ఒక పక్క, కుర్చీ ఎక్కి పై అర కూడా తుడిచా. పాట కూడా పాడుతున్నానట, మా అమ్మాయి చెప్పింది. మా ఆయన గుమ్మంలో నిలబడి "హమ్మయ్య, ఇవాళ నువ్వు నువ్వులా ఉన్నావ్" అన్నాడు. ఆదివారం కూడా బాగానే ఉన్నా, కాళ్ళు కొంచెం లాగాయి అంతే.

సోమవారం ఆఫీసుకి వెళ్ళాలని తలస్నానం చేస్తున్నా. షాంపూ పెట్టుకుని రెండు చేతులూ తల మీద ఉండగా ముందు ఎడమ చెయ్యి జారిపోయింది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, ఎవరో స్విచ్ తీసేసినట్టు. సరే కుడి చేత్తో రుద్దుకుందాం అనుకున్నా, అదీ పైకి లేవలేదు. గోడకి ఆనుకుని అలాగే కిందకి కూర్చుండిపోయా. నురగ కంట్లోకి దిగుతోంది, మగ్గు బకెట్లో తేలుతోంది, నాకూ దానికీ మధ్య రెండడుగులు లేదు. చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ చెయ్యి చాపడానికి మనసులో ఒకటి రెండు మూడు అనుకుని సిద్ధమవ్వాల్సొచ్చింది, అనుకున్నా, చాపలేదు. కన్ను మండుతుంటే మూసుకుని కూర్చున్నా. కాసేపటికి మా అమ్మాయి తలుపు కొట్టి "అమ్మా, నీళ్ళ చప్పుడు రావట్లేదేంటి" అంది. వస్తున్నా అన్నాననుకున్నా, దానికి వినపడలేదట. గడియ పైన ఉంది. ఆ రోజు ఆ గడియ ఎంత ఎత్తులో ఉందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కుళాయి పట్టుకుని, గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి తీసేసరికి ఎంత టైం పట్టిందో తెలీదు గానీ అవతల పిల్ల ఏడుపు మొదలెట్టింది. పదమూడేళ్ళ పిల్ల, మగ్గుతో నీళ్ళు పోసి నా తల కడిగింది, నేను మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నా.

తర్వాత పదకొండు రోజులు మంచం మీదే. కర్టెన్లు వేసి, ఫోను దూరంగా పెట్టి. వెలుతురు పడేది కాదు, పక్కగదిలో టీవీ చప్పుడు ఒంటికి తగిలేది.

అప్పటికీ నాకు బీరువాకీ దీనికీ లింకు తట్టలేదు. శనివారం పని చేస్తే సోమవారం పడిపోవడం ఏంటి, పడితే అప్పుడే పడాలి కదా. మామూలు అలసటకీ దీనికీ తేడా అక్కడే ఉందని తర్వాత తెలిసింది. పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అంటారు, పీఈఎం. శ్రమ చేసిన వెంటనే కాకుండా తరచుగా ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బ కొడుతుంది, ఆ శ్రమ ఒంటిదే కానక్కర్లేదు, రెండు గంటల మీటింగు కూడా చాలు. నా భాషలో చెప్పాలంటే, ఖాతాలో బ్యాలెన్సు ఎంతుందో బ్యాంకు చెప్పదు, మీరిచ్చిన చెక్కులన్నీ ఆ రోజు తీసుకుంటుంది, రెండు రోజుల తర్వాత అన్నీ కలిపి బౌన్స్ చేసి పైన పెనాల్టీ కూడా వేస్తుంది. మీ ఆదివారం, మంగళవారం కథ అదే.

ఇప్పుడు ఆ వ్యాయామం సలహా సంగతి. ఇది ఇంటర్నెట్లో పుట్టిన సలహా కాదు, పెద్దపెద్దవాళ్ళే రాసిపెట్టారు. బ్రిటన్లో నైస్ అని వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ ఉంది, వాళ్ళు 2007లో ఎంఈ సీఎఫ్ఎస్ అనే జబ్బుకి, అంటే మనలాంటి లక్షణాలే ఉండి చాలామందికి ఏదో ఇన్ఫెక్షన్ తర్వాతే మొదలయ్యేదానికి, వ్యాయామం మెల్లమెల్లగా పెంచుకుంటూ పొమ్మని రాశారు. రోగులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు, మాకు ఇంకా ఎక్కువవుతోంది మహాప్రభో అని. చివరికి 2021 అక్టోబర్లో దాన్ని తీసేశారు. పద్నాలుగేళ్ళు! లాంగ్ కోవిడ్ వాళ్ళందరికీ, అంటే నాలా కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి లక్షణాలు మిగిలిపోయినవాళ్ళందరికీ, పీఈఎం ఉండదు, అది లేనివాళ్ళకి వ్యాయామం మంచిదే కావచ్చు, నేను కాదనను. మీకు మాత్రం ఉన్నట్టే కనిపిస్తోంది.

రోగి మాట నమ్మకపోవడం కొత్తేం కాదు లెండి. 1955లో లండన్లో రాయల్ ఫ్రీ హాస్పిటల్లో ఇలాంటిదే ఒక అంటు జబ్బు వచ్చి దాదాపు మూడొందలమంది పడిపోయారు, అందులో చాలామంది అక్కడి నర్సులూ డాక్టర్లే, హాస్పిటల్ కొన్నాళ్ళు మూసేశారు కూడా. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కేసు కాగితాలు తిరగేసి, ఆ రోగుల్లో ఒక్కరినీ పరీక్ష చెయ్యకుండా, ఇది సామూహిక హిస్టీరియా, ఎక్కువమంది ఆడవాళ్ళే కదా అని తేల్చేశారు. ఇది చదివిన రోజు నాకు కోపంతో నిద్ర పట్టలేదు, మర్నాడు దానికీ పెనాల్టీ కట్టా.

ఎందుకంత కోపమంటే నేను మొదట చూపించుకున్న డాక్టరుగారు నా మొహం చూసింది రెండేసార్లు, వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ. మిగతా టైమంతా కంప్యూటరే. "ఏం లేదమ్మా, అంతా నార్మల్, ఎక్కువ ఆలోచిస్తున్నారు, రోజూ వాకింగ్ చెయ్యండి, పదివేల అడుగులు పెట్టుకోండి" అన్నారు. ఈ పదివేల అడుగుల గోల ఒకటి. అది ఏ పరిశోధనలో తేలిన అంకె కాదండీ, 1965లో జపాన్లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్ అమ్మడానికి పెట్టిన పేరు, మంపో కెయ్, పదివేల అడుగుల మీటర్ అని. అమ్మకానికి పెట్టిన పేరు ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ కూర్చుని మనల్ని సాయంత్రం ఆరింటికి సిగ్గుపడమంటోంది. నేను నెలన్నర నడిచా ఆ మాట పట్టుకుని. బీరువా గండం ఆ నెలన్నర చివర్లోనే వచ్చింది, యాదృచ్ఛికం అంటే నేను ఒప్పుకోను.

(ఇక్కడిదాకా నిన్న రాశా. పావుగంటకి టైమర్ పెట్టుకుని రాస్తా, మోగితే వాక్యం సగంలో ఉన్నా ఆపేస్తా. కాబట్టి అతుకులు కనపడితే ఏమనుకోకండి.)

మీరు అడగలేదు గానీ ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పకపోతే నాకు ఆగదు. "చూడ్డానికి బాగానే ఉన్నావ్‌గా" అనే మాట నాలుగేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. బాగున్న రోజునే కదా నేను మీకు కనపడేది, బాగాలేని రోజు కర్టెన్ల వెనక ఉంటా, అక్కడికి ఎవరొస్తారు. మా ఆడపడుచు అయితే "నాకూ అలసటగానే ఉంటుంది వదినా, మనం పట్టించుకోకూడదు" అంటుంది. ఆవిడ మంచిదే, పాపం ధైర్యం చెప్తున్నాననుకుంటుంది. కానీ రోజంతా పని చేసి అలసిపోయినవాళ్ళు పడుకుని లేస్తే తేరుకుంటారు, నేను పడుకుని లేస్తే పడుకోకముందు ఉన్నంత అలసటతోనే లేస్తా. దీనికి "అలసట" అనే మాట వాడటమే తప్పు అని నా ఉద్దేశం, కొత్త మాట ఏదైనా పుట్టాలి. లాంగ్ కోవిడ్ అనే పేరు పెట్టింది కూడా డాక్టర్లు కాదు, రోగులే. 2020 మే నెలలో ఎలీసా పెరేగో అనే ఇటలీ ఆవిడ, తనూ రోగే, ట్విట్టర్లో ఆ మాట వాడింది, అందరూ అందుకున్నారు. డబ్ల్యూహెచ్‌ఓ నిర్వచనం రాసుకునేసరికి 2021 అక్టోబర్ అయింది.

"మనసులోనే ఉంది" అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్ళో 253 మందిని, మూడు రకాల ఇన్ఫెక్షన్లు వచ్చినవాళ్ళని, మొదటినుంచీ గమనించారు. 2006లో అచ్చయింది. ఆరు నెలల తర్వాత వందకి పన్నెండు మందికి ఈ నీరసం మిగిలిపోయింది. వైరస్సులు రెండు, క్యూ ఫీవర్ అనే బ్యాక్టీరియా ఒకటి, ఏది వచ్చినా మిగిలింది మాత్రం ఇంచుమించు ఒకటే. ఎవరికి మిగులుతుందో చెప్పగలిగింది మొదట్లో జబ్బు ఎంత గట్టిగా వచ్చిందనేదే, వాళ్ళ పిరికితనమో స్వభావమో కాదు. అప్పటికి కోవిడ్ పుట్టనేలేదు.

నాకు దారి దొరికింది రెండో డాక్టరు దగ్గర. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "పడుకుంటే బాగుంటుందా, నిలబడితే బాగుంటుందా". ఎవ్వరూ అడగలేదు నన్ను ఆ మాట. ఇంట్లో ఒక పరీక్ష చేసుకుని రమ్మన్నారు. కోవిడ్ టైంలో అందరం ఎగబడి కొన్న ఆక్సీమీటర్ డ్రాయర్లో పడుంది కదా, దానికి కొత్త బ్యాటరీలు వేశాం. పది నిమిషాలు కదలకుండా పడుకున్నా, పల్స్ 74. లేచి గోడకి ఆనుకుని నిలబడ్డా, మా ఆయన పక్కనే నిలబడి నిమిషానికోసారి రాశాడు. 98, 104, 111. ఎనిమిదో నిమిషానికి 119, పాదాలు వంకాయ రంగులోకి తిరిగాయి. మా ఆయన రాయడం ఆపి నా కాళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో "కాస్త లేచి తిరగరాదూ" అనే మాట మళ్ళీ వినపడలేదు, ఏ రిపోర్టూ చెయ్యలేని పని ఆ కాగితం ముక్క చేసింది. పెద్దవాళ్ళకి నిలబడ్డ పది నిమిషాల్లో పల్స్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగి, బీపీ పడిపోకుండా, అదే తీరు నెలల తరబడి ఉంటే పాట్స్ అనే సమస్య ఏమో అని చూస్తారు. మీరు చేసుకుంటే పక్కన మనిషిని పెట్టుకోండి, కళ్ళు తిరిగితే వెంటనే పడుకోండి. నాకు నీళ్ళూ ఉప్పూ పెంచమన్నారు, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు ఇచ్చారు, ఒక మాత్ర రాశారు. బీపీ ఉన్నవాళ్ళు నా మాట విని ఉప్పు తినేయకండి, మీ డాక్టర్ని అడగండి. ఇంకోటి, ప్రతిదీ వైరస్ మీదకి తోసెయ్యకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగరు చూపించుకున్నారో లేదో మీరు రాయలేదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఇక్కడ ప్రశ్నలు రాస్తూ కూర్చోకుండా బయల్దేరండి.

మిగతాదంతా ఖర్చు తగ్గించుకోవడమే. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వచ్చింది, గడియ పెట్టడం మానేశా, జుట్టు భుజాల దాకా కత్తిరించేశా. కూర్చుని చెయ్యగలిగింది నిలబడి చెయ్యను, పడుకుని చెయ్యగలిగింది కూర్చుని చెయ్యను, ఫోన్లు కూడా పడుకునే మాట్లాడతా. అన్నిటికన్నా కష్టమైంది బాగున్న రోజున సగంలో ఆపడం. ఒంట్లో శక్తి ఉండగా, పని కళ్ళముందు ఉండగా, చేతిలో గుడ్డ కింద పడేసి వెళ్ళి పడుకోవాలి, అప్పుడు నిజంగానే బద్ధకస్తురాలిలా అనిపిస్తుంది. నేను మొదటి ఏడాది ఒక్కసారి కూడా సరిగ్గా ఆపలేదు. ఇప్పుడు పదిసార్లలో ఏడుసార్లు ఆపుతున్నా, పదకొండు రోజుల మంచం మళ్ళీ రాలేదు, సగం రోజు ఉద్యోగం చేసుకుంటున్నా. తగ్గిపోయిందా అంటే లేదు. ఆ బీరువా మళ్ళీ చిందరవందరగానే ఉంది.

మీ ప్రశ్న కింద ఒకాయన "జిమ్‌లో చేరండి, నేను చేరాక సూపర్‌గా ఉన్నా" అని రాశారు, ఆయనకి రెండు వారాల దగ్గు వచ్చి తగ్గిందట. సంతోషం. మీరు మాత్రం ఆదివారం ఏమేం చేశారో గంట గంటకీ ఒక కాగితం మీద రాయండి, ఫోన్లో మాట్లాడినవీ, ఎవరితోనైనా వాదించినవీ కూడా. మూడు వారాలు రాసి అప్పుడు మళ్ళీ ఇక్కడికొచ్చి పెట్టండి. లెక్కలు చూడటం నా పనే, పావుగంటకోసారి ఆగుతూ చూసి చెప్తా.