ఇంట్లో తుపాకీ ఉంటే దొంగ జంకుతాడా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. దసరా సెలవుల్లో పక్కింటివాళ్లు ఊరెళితే తాళం పగలగొట్టి నగలు ఎత్తుకుపోయారు. కొడగు (కూర్గ్)లో ఇంటింటా తుపాకీ ఉంటుంది, స్విట్జర్లాండ్‌లోనూ అంతే, అందుకే అక్కడ నేరాలు తక్కువని మావారి స్నేహితులు అంటున్నారు. నిజమేనా? మేమూ లైసెన్సుకి పెట్టుకోవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: పక్కింట్లో తుపాకీ ఉండుంటే నగలతోపాటు అదీ పోయేదమ్మా. ఇలాంటి దొంగ మనుషులున్న ఇంటి జోలికి రాడు, తాళం వేలాడే ఇల్లు వెతుక్కుంటాడు. ఊరెళ్లినవాళ్ల బీరువాలోని తుపాకీ ఎవరిని బెదిరిస్తుంది?

ఇక లెక్కలు. తుపాకుల లెక్కలు కట్టే పరిశోధన సంస్థ స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018 అంచనా ప్రకారం ప్రతి 100 మందికి పౌరుల చేతిలోని తుపాకులు అమెరికాలో సుమారు 120, స్విట్జర్లాండ్‌లో 28, మన దేశంలో 5, జపాన్‌లో ఒకటి కూడా లేదు. ఏటా హత్యలు స్విట్జర్లాండ్‌లోనూ జపాన్‌లోనూ లక్ష మందికి ఒకటి లోపే, అమెరికాలో 2023లో ఐదుకు పైనే. అంటే తుపాకుల సంఖ్య ఒక్కటే చూసి నేరాలు పెరుగుతాయనీ తగ్గుతాయనీ చెప్పలేం. అమెరికాలో తుపాకీ వెంట పెట్టుకు తిరగనిచ్చే చట్టాలపై జరిగిన పరిశోధనలన్నీ చూసి, 2004లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా ఎటూ తేల్చలేదు.

మీవారి స్నేహితులు వదిలేసిన సంగతి వేరే ఉంది. స్విస్ ఇళ్లలోని తుపాకుల్లో కొంత భాగం సైనిక సేవతో వచ్చినవి. సైనికుల ఇళ్లలో ఉంచిన తూటాలను 2007 నుంచి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వీధిలో తుపాకీతో తిరగాలంటే వేరే అనుమతి కావాలి. 2003 తర్వాత సైన్యాన్ని దాదాపు సగానికి తగ్గిస్తే, అలా ఇళ్లలో సైనిక తుపాకులూ తగ్గితే, సైనిక సేవ వయసు మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి. ఇంట్లో తుపాకీ గురించి ఆలోచించేవాళ్లు దొంగ కంటే ముందు లెక్కేసుకోవలసింది ఇదే. అమెరికాలోనూ తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే.

కొడగులో అక్కడి కొడవ తెగవారికీ, జమ్మా అనే వంశపారంపర్య భూముల హక్కుదారులకూ లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. ప్రస్తుతానికి 2029 అక్టోబరు దాకా పొడిగించారు, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. అక్కడ కైల్‌పోళ్దు పండగకి తుపాకీని పూలతో పూజిస్తారు. మగబిడ్డ పుడితే ఒకసారి, ఇంట్లో ఎవరైనా పోతే రెండుసార్లు పేలుస్తారు. ఊరంతటి కళ్లముందు తరాలుగా మెలిగిన కట్టుబాటు అది. పొరుగువారి పేరు తెలియని అపార్ట్‌మెంట్‌కి లైసెన్సు కాగితంతో రాదు.

లైసెన్సుకి పెట్టుకుంటానంటే పెట్టుకోవచ్చు. 21 ఏళ్లు నిండాలి. ఫారం ఏ-1 నింపి, గుర్తింపు, చిరునామా పత్రాలు, వైద్య ధ్రువపత్రం జతచేయాలి. ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రమూ కావాలి. నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. స్టేషన్ నుంచి విచారణ నివేదిక వస్తుంది, దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే. మీకే ప్రత్యేకంగా ప్రాణభయం ఉందని ఫిర్యాదులు, ఎఫ్ఐఆర్‌లు చూపలేకపోతే, ‘మా వీధిలో దొంగతనం జరిగింది’ అన్నది చాలదు. లైసెన్సు వస్తే గడువు 5 ఏళ్లు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించమంటారు.

కాల్చాక చిక్కు మరొకటి. రాత్రి తలుపు పగలగొట్టి చొరబడేవాడి మీద భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది. గోడ దూకి పారిపోతున్నవాడి వీపున కాలిస్తే ఆ హక్కు నిలవడం కష్టం, కేసు మీ మీదే.

తుపాకీకి పెట్టే డబ్బుతో బయటికి వేలాడే తాళం తీసేసి తలుపులోనే బిగించే తాళం, దాని ముందు గ్రిల్ పెట్టించండి. ఊరెళ్లే ముందు పాలప్యాకెట్లు, పేపరు ఆపండి, నగలు బ్యాంకు లాకర్లో వేయండి, బీట్ పోలీసులకి తేదీలు చెప్పండి. అలికిడైతే 112.