ఓడలోకి మన నీళ్ళు మనం తీసుకువెళ్ళవచ్చా?

సంక్రాంతికి సోంపేట వచ్చి నెల దాటింది. ఈ నెలలో నాలుగు ఇళ్ళవాళ్ళు నన్ను ఒకే సందేహం అడిగారు. ఆ నాలుగు ఇళ్ళ పిల్లలూ అమెరికా చేరి రెండు మూడేళ్ళే అయింది. వేసవిలో అమ్మానాన్నలను రప్పించి, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో తీరందాకా వెళ్ళివచ్చే విహార నౌకలో అయిదారు రోజులు తిప్పాలని వాళ్ళ కోరిక. తాగేవాటిలో ఏవి వెంట తీసుకువెళ్ళనిస్తారు, ఏవి ఓడ ఎక్కేచోటే తీసేసుకుంటారు అన్నది పెద్దవాళ్ళ దిగులు. "ఆ ఓడలో నీళ్ళు ఎలాగుంటాయో ఏటో నాయనా, మన నీళ్ళు మనం పట్టుకెళ్ళనిస్తారా?" అని కవిటిలో ఒక పెద్దమ్మ అడిగినప్పుడు ఆ మాట వెనక ఎంత భయం ఉందో ఉద్దానంలో పుట్టినవాడిగా నాకు తెలుసు. 22 ఏళ్ళుగా హ్యూస్టన్‌లో ఉంటూ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గాల్వెస్టన్ నుంచి పలుమార్లు ఓడ ఎక్కినవాడిగా, ఆ పిల్లలకూ వాళ్ళలాంటి కొత్తవాళ్ళకూ ఈ సంగతి వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది, ఓడలన్నిటికీ కలిపి ఒక్క నియమం లేదు. ఏ కంపెనీ ఓడకు ఆ కంపెనీ నియమమే చెల్లుతుంది. కిందటేడు మీ స్నేహితుడు వేరే కంపెనీ ఓడలో తీసుకువెళ్ళింది ఈ ఏడు మీ ఓడలో చెల్లకపోవచ్చు. కార్నివాల్ ఓడల్లో మద్యం కలవని పానీయాలను ఒక్కొక్కరు 12 వరకు, ఒక్కొక్కటి 12 ఔన్సులకు, అంటే సుమారు 355 మిల్లీలీటర్లకు మించకుండా, టిన్నుల్లో గాని అట్ట డబ్బాల్లో గాని ఉంటేనే తీసుకువెళ్ళనిస్తారు. సీసాలు, గాజువైనా ప్లాస్టిక్‌వైనా, నీళ్ళవైనా సరే, కుదరవు. రాయల్ కరీబియన్ ఓడల్లో సీసాలకు అడ్డు లేదు కాని, లెక్క మనిషికి కాక గదికి కడతారు: గది మొత్తానికి 12, ఒక్కొక్కటి 17 ఔన్సులలోపు. నార్వీజియన్ ఓడల్లో బయటి కూల్‌డ్రింకులనూ నీళ్ళనూ మామూలుగా రానివ్వరు. గాల్వెస్టన్ నుంచి ఒకటికి మించిన కంపెనీల ఓడలు నడుస్తాయి కాబట్టి, టికెట్టు కొన్న రోజునే మీ కంపెనీ నియమాల పేజీ తెరిచి చదవండి, ప్రయాణానికి వారం ముందు మరొకసారి చదవండి. ఇవి మారుతూ ఉంటాయి.

నీళ్ళ సీసా మీద కూడా నిషేధం ఎందుకని అమ్మానాన్నలు తప్పకుండా అడుగుతారు. కార్నివాల్ వారు 2015లో ఆ నిషేధం పెట్టడానికి కారణం, కొందరు ప్రయాణికులు నీళ్ళ సీసాల్లో రంగులేని మద్యం నింపి, మూత మళ్ళీ సీలు వేసినట్టు బిగించి లోపలికి తీసుకువెళ్ళడమే. వేలమంది ఒకే పూట ఓడ ఎక్కే చోట ప్రతి సీసా మూత తీసి వాసన చూడడం సాధ్యం కాదు. టిన్ను, అట్ట డబ్బా అయితే ఒకసారి తెరిస్తే మళ్ళీ మూయలేరు. అందుకే వాటికి మినహాయింపు ఇచ్చారు.

అనుమతి ఉన్నవాటిని కూడా హ్యాండ్ బ్యాగ్‌లోనే, ఓడ ఎక్కే మొదటి రోజునే తీసుకువెళ్ళాలి. రేవులో కూలీలకు అప్పగించే సూట్‌కేసులో పానీయం ఏదీ పెట్టకండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2012లో మా అమ్మను మొదటిసారి ఓడ ఎక్కించినప్పుడు, ఆమె ఇష్టపడి చేసుకున్న మజ్జిగను రెండు పెద్ద సీసాల్లో పోసి, చీరల మధ్య పెట్టి, సూట్‌కేసు అప్పగించేశాము. స్కానింగులో ద్రవం కనిపించిన సూట్‌కేసులను గదికి పంపకుండా విడిగా ఉంచి, యజమాని వచ్చి ఎదురుగా తెరిచేదాకా ఆపుతారని మాకు అప్పుడు తెలియదు. ఎవరూ మాకు కబురు కూడా చేయలేదు. సాయంత్రం దాటినా సూట్‌కేసు రాలేదు. రాత్రి పది గంటలకు నేను వెతుక్కుంటూ కింది అంతస్తుకు వెళ్ళి, వరుసలో నిలబడి, మజ్జిగ పారబోయించి, దానిని తెచ్చుకున్నాను. అమ్మ రక్తపోటు మాత్రలు అందులోనే ఉన్నాయి. సాయంత్రం వేసుకోవలసిన మాత్ర ఆ రాత్రి ఎప్పటికో వేసుకుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో పెద్దవాళ్ళ మందులను నా చేతి సంచిలో తప్ప మరెక్కడా పెట్టనివ్వలేదు.

ఇక నీళ్ళ సంగతి. సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళకు నీళ్ళంటే భయం. కిడ్నీ జబ్బు లేని వీధి మా ప్రాంతంలో లేదనవచ్చు. జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు కాని, ఊళ్ళో అందరూ నీళ్ళనే అనుమానిస్తారు. ఆర్వో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల డబ్బా తెచ్చుకుని తాగే అలవాటు ఇంటింటా ఉంది. అలాంటివాళ్ళను "ఓడలో కుళాయి నీళ్ళు తాగవచ్చు, ఏం కాదు" అని ఒక్క మాటతో ఒప్పించలేరు. ఆ నీళ్ళు ఎలా వస్తాయో చెప్పండి. పెద్ద ఓడల్లో తాగునీటిలో కొంత రేవులోని నగర సరఫరా నుంచి నింపుకుంటారు. మిగిలినది నడిసముద్రంలో ఉప్పునీటిని ఆవిరి చేసి గాని, మన ఊరి ప్లాంటులాంటి ఆర్వో పద్ధతిలో వడగట్టి గాని తయారు చేస్తారు. తర్వాత ఖనిజాలు చేర్చి, క్లోరిన్ కలుపుతారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1970ల నుంచి తనిఖీ చేస్తోంది. ముందుగా చెప్పకుండా వచ్చి, నీటి ట్యాంకులు మొదలు వంటిళ్ళ దాకా చూసి, నూటికి మార్కులు వేస్తుంది. 85 లేదా అంతకు తక్కువ వస్తే ఆ ఓడ తప్పినట్టే. కుళాయి దగ్గర నీటిలో క్లోరిన్ 0.2 పీపీఎంకు (పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు) తగ్గకూడదు, 5కు మించకూడదు. ఈ మార్కులను సీడీసీ అందరికీ అందుబాటులో ఉంచుతుంది కాబట్టి, మీ ఓడకు ఎన్ని వచ్చాయో బయలుదేరేముందే అమ్మానాన్నలకు చూపించండి. మా అమ్మకు ధైర్యం వచ్చింది అలాగే. క్లోరిన్ వాసన నచ్చకపోతే, ఖాళీ స్టీలు ఫ్లాస్కు ఒకటి తీసుకువెళ్ళి, భోజనశాలలో నీళ్ళు పట్టుకుని, మూత తీసి కాసేపు ఉంచితే వాసన చాలావరకు తగ్గుతుంది. ఖాళీ ఫ్లాస్కుకు ఎవరూ అడ్డు చెప్పరు.

ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం పెట్టెలో పెట్టకండి. కాఫీ యంత్రం, నీళ్ళు కాచే రాడ్డు, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె కూడా అంతే. నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే పారిపోవడానికి చోటు ఉండదు కాబట్టి వేడి పుట్టించే పరికరాలను నిర్దాక్షిణ్యంగా తీసేసుకుంటారు. వేడినీళ్ళు, టీ, కాఫీ పైఅంతస్తు భోజనశాలలో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో కాచిన చోడి (రాగి) అంబలి, మజ్జిగ, డికాషన్ లోపలికి రానివ్వరు. సీలు తీయని చోడి మాల్టు పొడి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి తీసుకువెళ్ళవచ్చు. ఉదయం ఫలహారం దగ్గర చప్పటి పెరుగు పెడతారు. దాన్ని గ్లాసులో వేసుకుని, నీళ్ళూ ఉప్పూ కలిపి చెంచాతో చిలికితే చక్కని మజ్జిగ అవుతుంది. మా అమ్మ ఇప్పుడు ఓడలో రోజూ చేసుకునేది అదే.

కొబ్బరినీళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఉద్దానంవాళ్ళం కొబ్బరితోటల్లో పెరిగాం కనుక ఎండ తగిలినా, వాంతి అయినా, ఓడ ఊగి తల తిరిగినా ముందు బొండాం గుర్తుకు వస్తుంది. హ్యూస్టన్ దుకాణాల్లో చిన్న అట్ట డబ్బాల్లో దొరికే కొబ్బరినీళ్ళు కార్నివాల్ కొలతకు సరిపోతాయి. అయితే మీ అమ్మకో నాన్నకో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష కొలత) ఎక్కువగా ఉంటే, వైద్యుణ్ణి అడగకుండా వాటిని ఇవ్వకండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే అది గుండె లయకే ముప్పు తెస్తుంది. రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలన్న కొలత కూడా అలాంటివాళ్ళకు వైద్యుడు నిర్ణయించిందే. ఓడలో ఎక్కడ చూసినా నిమ్మరసం, పళ్ళరసాలు పోస్తుంటారు కనుక ఆ కొలత సులువుగా తప్పుతుంది. వైద్య అవసరానికి డిస్టిల్డ్ నీళ్ళో ప్రత్యేక ద్రవాలో కావలసినవాళ్ళు, పసిపిల్లల పాలు తీసుకువెళ్ళేవాళ్ళు, కొన్ని వారాల ముందే కంపెనీలో ప్రత్యేక అవసరాల విభాగానికి తెలిపి, వచ్చిన జవాబును అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి. ఇలాంటివాటికి చాలా కంపెనీలు మినహాయింపు ఇస్తాయి.

ఇప్పుడు మద్యం. నాన్నగారో మామగారో సాయంత్రం ఒక పెగ్గు అలవాటున్నవారైతే, ఇంట్లో ఉన్న విస్కీ సీసా తీసుకువెళదామని అడుగుతారు. విస్కీ, రమ్ము, వోడ్కా ఏ సీసా అయినా ఈ కంపెనీలేవీ లోపలికి రానివ్వవు. కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో తాగే వయసు వచ్చిన ఒక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి మొదటి రోజు చేతి సంచిలో తీసుకువెళ్ళనిస్తారు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో ఆ వయసు 21. డిస్నీ వారైతే పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి రెండు వైన్ సీసాలు గాని ఆరు బీరు టిన్నులు గాని ఒప్పుకుంటారు. నార్వీజియన్‌లో వైన్ తెచ్చుకోవచ్చు కాని, సీసాకు కార్కేజి, అంటే బయటి సీసా తెచ్చినందుకు తీసుకునే రుసుము, కట్టాలి.

కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు కొందరు నోరు పుక్కిలించే మందు సీసాలో రంగు కలిపిన మద్యం పోసుకువెళ్ళే ఉపాయాలు చెప్పుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. దొరికితే సీసా పారబోస్తారు, పరిహారం ఇవ్వరు, తీవ్రమైతే ఓడ ఎక్కనివ్వకుండా ఆపే హక్కు టికెట్టు ఒప్పందంలోనే ఉంటుంది. భాష రాని పెద్దవాళ్ళను భద్రతా సిబ్బంది ఎదుట నిలబెట్టే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

పానీయాల ప్యాకేజీ, అంటే ఒక మొత్తం కట్టేసి ప్రయాణమంతా పానీయాలు తీసుకునే ఏర్పాటు, కొనేముందు ఒక్క విషయం చూసుకోండి. కార్నివాల్‌లో మద్యం ప్యాకేజీ ఒకరు కొంటే, అదే గదిలో ఉన్న 21 దాటినవాళ్ళందరూ కొనాలి. తాగని అమ్మ పేరున కూడా ఆ డబ్బు కట్టవలసి వస్తుంది. మీరు కొనదలిస్తే అమ్మానాన్నలకు వేరే గది తీసుకోండి. నాన్నగారు రోజుకు ఒక్క పెగ్గే తీసుకుంటే ఆయనకు విడిగా కొనడమే చవక. ధర మీద సర్వీసు రుసుము అదనంగా పడుతుందని మరిచిపోకండి.

దారిలో మెక్సికోలోని కోజుమెల్ రేవులో కొన్న టెకీలా అనే మద్యాన్ని ఓడ ఎక్కేటప్పుడు సిబ్బంది తీసుకుని, రసీదు ఇచ్చి, ప్రయాణం చివరలో తిరిగి ఇస్తారు. ఆ రసీదు జాగ్రత్త. గాల్వెస్టన్‌లో దిగాక సుంకం లేకుండా అమెరికాలోకి తేగలిగేది 21 దాటినవారికి మామూలుగా ఒక లీటరు. దానికి తోడు, బయటి దేశం నుంచి తెచ్చిన మద్యం మీద టెక్సాస్ రాష్ట్రం తన పన్నును రేవులోనే బల్ల వేసి వసూలు చేస్తుంది, కాబట్టి పెద్దవాళ్ళను దాటి ముందుకు వెళ్ళిపోకుండా, కాస్త డబ్బు చేతిలో ఉంచుకుని, వాళ్ళ సంచిలో సీసా ఉంటే మీరే ఆ బల్ల దగ్గరికి తీసుకువెళ్ళి చూపించండి.