పిల్లలు నిద్రపోయే వేళ నుంచి వెనక్కి లెక్కెయ్యండి

సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడల్లా బ్రాడీపేటలోని మా ఇంటికి న్యూజిలాండ్ సంగతులు కనుక్కోవడానికి ఇద్దరు ముగ్గురైనా వస్తుంటారు. మామూలుగా అడిగేవి ఇంటి అద్దె, పిల్లల స్కూలు, గోంగూర దొరుకుతుందా లేదా. ఈసారి వచ్చిన జంట ఫిబ్రవరిలో ఆక్లాండ్ వెళ్ళిపోతున్నారు. తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు. పిల్లల తల్లి ఒక చేత్తో అరిసె పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూపించింది. "అక్కా, ఏప్రిల్ సెలవుల్లో క్యాంపర్‌వ్యాన్ తీసుకుని సౌత్ ఐలాండ్ చుట్టేద్దామని. మధ్యలో ఒక రాత్రి కొండ మీద హట్‌లో ఉండాలి. ప్లాన్ ఎలా ఉందో చెప్పండి" అంది.

క్యాంపర్‌వ్యాన్ అంటే లోపలే మంచాలు, వంటగది ఉన్న వ్యాన్. హట్ అంటే కొండెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే ఉమ్మడి బస. ప్లాన్ చూశాను. ఎనిమిది రాత్రులు. క్రైస్ట్‌చర్చ్, టెకపో, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్, వనాకా, ఫ్రాంజ్ జోసెఫ్, మళ్ళీ క్రైస్ట్‌చర్చ్. నాకు నవ్వొచ్చింది. వెళ్ళిన కొత్తలో మేం వేసుకున్నదీ అచ్చం ఇదే. యాత్రకి బయల్దేరితే తిరుపతి, కాళహస్తి, కాణిపాకం ఒక్క ఊపులో అయిపోవాలి మనకి. అదే అలవాటు అక్కడికీ పట్టుకెళ్ళాం. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ ఒకవైపే సుమారు 290 కిలోమీటర్లు, ఇంచుమించు గుంటూరు నుంచి హైదరాబాదుకి వెళ్ళినంత. మా వాడు ఆ మలుపుల్లో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. సాయంత్రం పడవ దిగి మళ్ళీ అదే దారిన వెనక్కి. చీకట్లో క్యాంపుసైట్ వెతుక్కుని, పదిన్నరకి మంచాలు వేసుకుని, బ్రెడ్డు తిని పడుకున్నాం. అంత దూరం వెళ్ళి మేం ఎక్కువగా చూసింది ముందు లారీ వెనకభాగం.

అందుకని వాళ్ళకి చెప్పిన మొదటి మాట ఇదే: చూడాల్సిన ఊళ్ళ జాబితాతో మొదలుపెట్టకండి, పిల్లలు పడుకునే టైముతో మొదలుపెట్టండి. బాబు ఎనిమిదింటికి పడుకుంటాడా? అయితే ఏడింటికి అన్నం, ఆరింటికి వంట, ఐదింటికల్లా వ్యాన్ ఆగిపోవాలి. పైగా ఏప్రిల్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, సెలవుల నాటికి ఆరున్నరకే చీకటి. అలా లెక్కేస్తే రోజుకి మూడు గంటల డ్రైవింగ్ కన్నా మిగలదు. వ్యాన్ కారులా పరుగెత్తదు కాబట్టి మ్యాప్ చెప్పిన టైముకి నాలుగో వంతు కలుపుకోవాలి.

ఆ లెక్కతో వాళ్ళ ప్లాన్‌లోంచి క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్, ఫ్రాంజ్ జోసెఫ్ కొట్టేశాను. పిల్లల తండ్రి మొహం కొంచెం మాడింది, నిజమే. మిల్‌ఫర్డ్ తీసేసే చోటు కాదు. టె అనౌలో రెండు రాత్రులు ఉండగలిగే ట్రిప్ ఇంకోటి వేసుకుని దానికే వెళ్ళాలి. టె అనౌ నుంచి మిల్‌ఫర్డ్‌కి 120 కిలోమీటర్ల దారి, మధ్యలో పెట్రోలు బంకు లేదు, చివర్లో కొండని తొలిచిన 1.2 కిలోమీటర్ల హోమర్ టన్నెల్. వాటి బదులు మౌంట్ కుక్, ఒమారు కలిపి కొత్త ప్లాన్ వేశాను: టెకపోలో రెండు రాత్రులు, మౌంట్ కుక్ దగ్గర రెండు, వనాకాలో రెండు, తిరుగుదారిలో లిండిస్ పాస్ మీదుగా ఒమారులో ఒకటి, చివరి రాత్రి క్రైస్ట్‌చర్చ్. ఒమారులో సాయంత్రం సముద్రంలోంచి చిన్న నీలం పెంగ్విన్లు గట్టెక్కుతాయి. దారిలో డన్‌ట్రూన్ దగ్గర ఏనుగుల మందలా పడి ఉన్న సున్నపురాళ్ళు, ఎలిఫెంట్ రాక్స్ అంటారు. పెద్దవాళ్ళకి పది నిమిషాల చోటు, పిల్లలకి రెండు గంటలది. టెకపో, మౌంట్ కుక్ ఆకాశాన్ని 2012లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే దీపాల వెలుగు తగ్గించి రాత్రి చీకటిని కాపాడే చోటుగా ప్రకటించారు. అక్కడ మబ్బు లేని రాత్రి ఒక్కటి మాత్రం నిద్ర టైము రూలు పక్కన పెట్టండి.

వ్యాన్ బుక్ చేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె కాదు, చైల్డ్ సీట్ ఎక్కడ బిగించవచ్చని. నలుగురు పడుకోవచ్చని రాసి ఉంటుంది, కానీ వెనక సీట్లలో కొన్నింటికి నడుం బెల్టు మాత్రమే ఉంటుంది, చైల్డ్ సీటు పట్టీ తగిలించే కొక్కెం ఉండదు. ఏడేళ్ళ లోపు పిల్లల్ని చైల్డ్ సీట్ లేకుండా కూర్చోబెట్టడం అక్కడ నేరం. పాపకి తొమ్మిదేళ్ళైనా ఎత్తు 148 సెంటీమీటర్లు దాటేదాకా ఎత్తు పెంచే బూస్టర్ సీటు మీద కూర్చోబెట్టమంటారు, నేనూ అదే అంటాను. డ్రైవర్ నెత్తి మీద ఉండే మంచం చూడగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కింద పడకుండా ఆపే వల ఉందో లేదో చూసుకోండి. వేసవికి వచ్చే అమ్మానాన్నల్ని మాత్రం ఆ నిచ్చెన ఎక్కించకండి.

రోడ్డుకి ఎడమవైపే నడపాలి కాబట్టి మనకి సగం టెన్షన్ ఉండదు. గుంటూరు వదిలేలోపు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసి పెట్టుకోండి. కొత్తగా తగిలేవి ఒకే వరుస వంతెనలు. వాటి ముందు బోర్డు మీద రెండు బాణాలుంటాయి, చిన్న ఎర్ర బాణం ఎటు వెళ్ళేవాళ్ళని చూపిస్తే వాళ్ళు ఆగాలి. మూడున్నర టన్నులు దాటిన పెద్ద బండైతే ఎక్కడా గంటకి 90 కిలోమీటర్లు దాటకూడదు. డీజిల్ బండి అయితే కిలోమీటరుకి ఇంతని రోడ్ చార్జీ విడిగా పడుతుంది, అద్దె లెక్కలో అది ఉందో లేదో అడగాలి.

రాత్రి ఎక్కడ ఆపాలన్నది అసలు విషయం. కొత్తవాళ్ళు రోడ్డు పక్కన ఎక్కడ నచ్చితే అక్కడ ఆపొచ్చనుకుంటారు. సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్, అంటే తన నీళ్ళూ తన మురుగూ తనలోనే పెట్టుకోగలదన్న సర్టిఫికెట్ ఉన్న బండికి కొన్ని చోట్ల ఆ వీలుంది. 2023లో వచ్చిన చట్టంతో ఆ సర్టిఫికెట్‌కి బండిలో బిగించిన టాయిలెట్ ఉండాలి, డిక్కీలో పెట్టుకునే డబ్బా టాయిలెట్ చెల్లదు. కానీ ఊరూరికీ రూలు వేరు, తప్పితే జరిమానా గట్టిగానే పడుతుంది. పిల్లలతో మొదటిసారి వెళ్తూ ఆ డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి. ఒక రాత్రి ప్రభుత్వ అటవీశాఖ లాంటి డాక్ వాళ్ళ క్యాంపుసైట్, ఒక రాత్రి హాలిడే పార్క్. మొదటిదాంట్లో కొండా, వాగూ, గుంట టాయిలెట్టూ. రెండోదాంట్లో వేడి నీళ్ళ షవర్, వాషింగ్ మెషీన్, పిల్లలు గెంతే పెద్ద గాలి దిండు. ఆ గాలి దిండే పిల్లలకి మొత్తం ట్రిప్‌లో గుర్తుండిపోతుంది, ఏమీ అనుకోకండి.

హాలిడే పార్కులో పవర్డ్ సైట్, అంటే కరెంటు కనెక్షన్ ఉన్న చోటు తీసుకుంటేనే వ్యాన్‌లోని ప్లగ్గులు పనిచేస్తాయి. మిగతా చోట్ల బ్యాటరీతో లైట్లు, ఫ్రిజ్, నీళ్ళ పంపు నడుస్తాయి, అంతే. మొదటిసారి నేను రైస్ కుక్కర్ పట్టుకెళ్ళి డాక్ క్యాంపులో దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు గ్యాస్ మీద మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పెడతాను. తాలింపు మాత్రం ఆలోచించి వెయ్యండి. గుంటూరు ఎండుమిర్చి వేడి నూనెలో పడిన మరుక్షణం వ్యాన్‌లో పొగ అలారం మోగింది, పక్క బండివాళ్ళు బయటికి వచ్చేశారు, మేం నలుగురం దగ్గుకుంటూ గడ్డిలో నిలబడ్డాం. తాలింపు ఇంటి దగ్గరే వేసి సీసాలో పోసుకోండి. తలుపు తీసి వండండి.

టాయిలెట్ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. సీటు కింద ఓ డబ్బా ఉంటుంది, నలుగురు వాడితే రెండు రోజుల్లో నిండుతుంది. డంప్ స్టేషన్ అనే చోటికి వెళ్ళి మన చేత్తోనే ఖాళీ చెయ్యాలి. మా ఇంట్లో ఈ పని ఎవరిదన్న చర్చ మూడు రోజులు నడిచి డబ్బా నిండేదాకా తేలలేదు. మీరు ఎయిర్‌పోర్టులోనే తేల్చుకోండి.

ఇక హైకింగ్. వాళ్ళ ప్లాన్‌లో ఈ ట్రిప్‌లోనే ఒక రాత్రి హట్‌లో అని ఉంది. అది కూడా తీసేశాను. కొత్త దేశం, కొత్త బండి, కొత్త చలి, వాటి మీద కొండ రాత్రి కూడానా? హట్ అనుభవం ఆక్లాండ్ దగ్గరే మార్చిలో, వాన తక్కువ రోజుల్లో మొదలుపెట్టండి. ముందు కారు పక్కనే టెంటు వేసి ఒక రాత్రి. ఆక్లాండ్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో తావరనూయి రీజనల్ పార్క్ ఉంది, బీచ్ ఉంటుంది, చీకటి పడ్డాక అడవిలో కివి పక్షి అరుపు వినిపించే అవకాశం కూడా ఉంది. నచ్చకపోతే కారెక్కి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఆ వెసులుబాటు కోసమే మొదటి రాత్రి అక్కడ.

తర్వాత కోరమాండల్‌లోని పినకిల్స్ హట్. థేమ్స్ ఊరి పక్కన కావురంగ లోయలోంచి ఎక్కాలి. ఒకప్పుడు కౌరీ అనే పెద్ద అడవిచెట్ల కలప కొట్టేవాళ్ళు సరుకు మోసే గుర్రాల కోసం రాతిలో చెక్కిన మెట్లు, వేలాడే వంతెనలు, పైన 80 మంది పడుకునే హట్. బోర్డు మీద మూడు గంటలని ఉంటుంది. బాబుతో అయితే ఐదు. వాడు నడవగలడా అని తల్లి అడిగింది. ఐదేళ్ళవాడికి కష్టమే, వాణ్ణి ఒక ఏడాది ఆపి ఈసారి పాపా, నాన్నా మాత్రం వెళ్ళినా ఏం మునిగిపోదు. అడవిలోకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బూట్ల మట్టి బ్రష్‌తో గీకి మందు చల్లుకునే చోటు ఉంటుంది. కౌరీ చెట్లని చంపే తెగులు బూట్ల మట్టితోనే పాకుతుంది, అది దాటవెయ్యకండి.

హట్ అంటే హోటల్ కాదని తెలుసు కదా. ముందే ఆన్‌లైన్లో బుక్ చెయ్యాలి. పరుపు ఉంటుంది, దుప్పటి ఉండదు. స్లీపింగ్ బ్యాగ్, గిన్నెలు, తలకి పెట్టుకునే టార్చి మనవే. గ్యాస్ పొయ్యి పినకిల్స్‌లో ఉంటుంది కానీ అన్ని హట్లలో ఉండదు. ట్యాంకు నీళ్ళు మరిగించి తాగండి. చెత్త మూటగట్టి కిందకి తేవాలి, చాక్లెట్ కాగితంతో సహా. తిండికి మన దగ్గరున్నంత మంచి సరుకు ఎవరి దగ్గరా లేదు. మధ్యాహ్నానికి పులిహోర. రాత్రికి ఇంట్లోనే తాలింపేసి వేయించిన ఉప్మా రవ్వ, మరిగే నీళ్ళు పోస్తే చాలు. దారి పొడవునా సున్నుండలు. సున్నుండ లంచం లేకుండా మా వాడు ఏ కొండా ఎక్కలేదు.

బట్టల దగ్గర ఒక్క మాట, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. పత్తి పండే ఊరిదాన్నై ఉండి పత్తి వద్దంటున్నాను. మా వాడికి ఆరేళ్ళప్పుడు జీన్స్, కాటన్ టీషర్టుతో కొండెక్కించాం. గంటలో వాన. తడిసిన కాటన్ ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. వాగుతూనే ఉండేవాడు కాస్తా మాట్లాడడం మానేశాడు, తర్వాత వణుకు మొదలైంది. హట్ చేరాక అక్కడున్న ఒక కుటుంబం వాళ్ళ పాప ఉన్ని స్వెట్టర్ తీసి వాడికి తొడిగి వేడి పాలు పట్టారు. పిల్లాడు అల్లరి మానేస్తే అలిసిపోయాడనుకోకండి, ముందు తడి బట్టలు మార్చండి. ఒంటికి తగిలే పొర మెరినో ఉన్నిది, పైన రెయిన్ జాకెట్, బ్యాగులో పాలిథీన్ కవర్లో పొడి జత. పిల్లల బ్యాగు వాళ్ళ బరువులో పదో వంతు దాటకూడదు.

ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆపదలో నొక్కే లొకేటర్ బీకన్ అద్దెకి దొరుకుతుంది, తీసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్ళండి. ప్లాన్ మై వాక్ అనే యాప్ దారికి సంబంధించిన హెచ్చరికలు, వాతావరణం కలిపి చూపిస్తుంది. వాగు పొంగితే దాటకండి, నీళ్ళు తగ్గేదాకా కూర్చోండి. కాలు బెణికినా, విరిగినా ఏసీసీ అనే ప్రభుత్వ పథకం వైద్యం ఖర్చు చూస్తుంది, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకి కూడా. వాళ్ళకి జ్వరాలకీ గుండెకీ మాత్రం ఇన్సూరెన్స్ మీరే కొనాలి.

ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళే బూట్లు ఉంటే మట్టి లేకుండా కడిగి పెట్టెలో పెట్టండి. ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో వాటినీ, ఆవకాయ జాడీనీ ఫారంలో చూపించండి. చెప్పకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్లు.

అన్నీ విన్నాక బాబు అడిగాడు, హట్‌లో వైఫై ఉంటుందా అని. ఉండదన్నాను. వాడు తల్లి వైపు చూశాడు. పాప మాత్రం రాతి మెట్లు ఎన్ని ఉంటాయని అడిగింది. లెక్క నేను చెప్పలేదు, మంగళగిరి చూపిద్దాం అన్నాను. ఆదివారం ఉదయం ఆరింటికి మెట్ల మొదట్లో ఉండమన్నాను. పిల్లలు ఎవరి నీళ్ళ సీసా వాళ్ళే మోసుకుంటూ పానకాల స్వామి దాకా, కాళ్ళు ఒప్పుకుంటే పైన గండాలయం దాకా. ఘాట్ రోడ్డు మీద కారు తేవద్దని ఆయనకి ప్రత్యేకంగా చెప్పాను. పానకం నేను ఇప్పిస్తాను.